కాలికి బూటు, చేతిలో జెనీవా టికెట్: ప్రయాణం ఎలా చేయాలి, టాక్సీ ఖర్చు ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న – నీళ్లపని

అందరికీ నమస్కారం. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ ఊళ్లలో తాగునీటి పని చేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర సమన్వయకర్తను. మే నెలలో జెనీవా వెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సభ జరిగే వారంలోనే అక్కడ తాగునీటి మీద ఒక చిన్న సమావేశం పెట్టారు, మా ఊళ్ల సంగతి చెప్పమని పిలిచారు. వీసా వచ్చింది, టికెట్ కొన్నారు. ఈలోగా ఒక ఊళ్లో ట్యాంకు దగ్గర నీళ్ల నమూనా పట్టుకుని మెట్లు దిగుతుంటే కుడి పాదం మడతపడింది. చిటికెన వేలి వెనక ఉండే ఎముక విరిగింది. అయిదో మెటాటార్సల్ అని రిపోర్టులో రాశారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మొదట పిండికట్టు వేశారు, ఇప్పుడు పిక్క దాకా వచ్చే బూటు ఇచ్చారు. చంకకర్ర ఊతంతో ఇంట్లో తిరుగుతున్నాను. ప్రయాణం నాటికి అయిదో వారం నడుస్తుంటుంది. తోడు ఎవరైనా ఉంటే వెళ్లవచ్చని డాక్టర్ గారు అన్నారు. తోడు ఎవరూ ఉండరు. రెండో టికెట్‌కు మా దగ్గర డబ్బు లేదు.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా నాలుగు గంటల పైన, అక్కడ విమానం మారి మళ్లీ ఆరు గంటల పైన కూర్చోవాలి. అంతసేపు కాలు కిందికి వేలాడితే ఏమవుతుంది? చక్రాల కుర్చీ ఎవరిని అడగాలి? విమానం మెట్ల దగ్గర ఆగితే ఎలా ఎక్కాలి? జెనీవాలో బస చేసే చోటు నుంచి సమావేశానికి రోజూ వెళ్లి రావడం ఈ కాలితో కుదురుతుందా? వెళ్లి వచ్చినవారు చెప్పండి.

రెండో సంగతి డబ్బు. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. యాత్ర బడ్జెట్‌లో టికెట్, గది, రోజుకింత భోజనం అని రాసి ఉంది. నగరంలో తిరగడానికి ‘బస్సు, ట్రాము మాత్రమే’ అని దాత సంస్థ నిబంధన. కాలు విరిగింది, విమానాశ్రయం నుంచి గదికి టాక్సీ కావాలి అని ఉత్తరం రాశాను. ముందస్తు అనుమతి కావాలన్నారు, సరే. మూడు కొటేషన్లు జత చేయమన్నారు. జెనీవాలో టాక్సీకి కనిగిరి నుంచి మూడు కొటేషన్లు ఎలా తెప్పించను? మా లెక్కల ఆయనేమో టాక్సీ అంటే పరిపాలన ఖర్చు, పరిపాలన ఖర్చు ఇప్పటికే 20 శాతం పరిమితి దగ్గరికి వచ్చింది, పెట్టలేను అంటున్నారు.

ఈ ‘పరిపాలన ఖర్చు’ అనే గడిలో ఇప్పటికి ఎన్ని పడ్డాయో చూస్తుంటే కడుపు మండుతుంది. ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టడానికి డబ్బు ఇచ్చేవారు దొరుకుతారు. రిబ్బను కత్తిరిస్తారు, గోడ మీద పేరు రాయిస్తారు, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫొటో తీసి పంపమంటారు. ప్లాంటులో నీళ్లు వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, పాడయ్యాక కొత్తది వేయడానికి డబ్బు ఉండదు. ప్లాంటు నడిపే కుర్రవాడి జీతం మొదటి ఏడాది తర్వాత కొట్టేస్తారు. అప్పుడు ఆ ఊరు మళ్లీ బోరు నీళ్లే తాగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ తాగకూడదని మన ప్రమాణమే చెబుతోంది. 1937లో, ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, దేశంలో మొదటిసారి ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసింది ఈ ప్రాంతం గురించే. ఇప్పటికీ నడుము వంగి, మోకాళ్లు బిగిసి, కర్రతో తప్ప గడప దాటలేని మనుషులు మా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి నీళ్లు పరీక్షించే అమ్మాయిలకు స్కూటరు పెట్రోలు ఇవ్వాలంటే అదీ పరిపాలన ఖర్చే. నా ఎక్స్‌రే, కట్టు, బూటు అన్నీ నా జేబులోంచే అయ్యాయి. నేను కట్టుకోగలిగాను. అదే మెట్ల మీద ఆ అమ్మాయిల్లో ఒకరు పడి ఉంటే ఏమయ్యేది?

మూడు నెలల నిధులు మూడో నెలలో వస్తాయి. మార్చి 31లోగా ఖర్చు పెట్టమంటారు. ఆటోకు బిల్లు లేదని ఓచరు వెనక్కి పంపుతారు. కనిగిరి నుంచి పల్లెకు వెళ్లే ఆటోకు బిల్లు పుస్తకం ఉంటుందా? బంధువులేమో ‘విదేశీ డబ్బు వస్తుంది కదా, మీకేం’ అంటారు. ఇవన్నీ పడుతూ పనిచేస్తున్నవారు ఇక్కడ ఉన్నారని తెలుసు. కాలు గురించి చెప్పగలిగినవారు కాలు గురించి, లెక్కలు తెలిసినవారు లెక్కల గురించి చెప్పండి. రెండూ నాకు ఒకే ప్రయాణం.

జవాబు – ఫిజియో_విజయవాడ

అక్కా, ముందు కాలు సంగతి. నేను ఫిజియోథెరపిస్టుని. మీ ఎక్స్‌రే నేను చూడలేదు కాబట్టి మీ డాక్టర్ గారిదే తుది మాట. ఎముక కొత్తగా విరిగి పూర్తి పిండికట్టులో ఉంటే మొదటి 48 గంటలు దూర విమానాలకు సాధారణంగా ఒప్పుకోరు. లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుపోతుంది కాబట్టి. మీరు ఆ దశ దాటారు. బూటు కట్టు కంటే చాలా నయం, వాపు వస్తే పట్టీలు వదులు చేసుకోవచ్చు. మీ బూటులో గాలి నింపే సంచి ఉంటే మాత్రం ఎక్కే ముందు గాలి కొంత తీసేయండి. పైకి వెళ్లాక క్యాబిన్‌లో పీడనం తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది, కాలు నొక్కుకుపోతుంది. దిగాక మళ్లీ నింపుకోండి.

అసలు భయపడాల్సింది నొప్పికి కాదు, పిక్కలో రక్తం గడ్డకట్టడానికి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఎవరికైనా ఆ ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధనలో తేలింది. మీకు పైగా కాలు కదలకుండా కట్టి ఉంది. కాబట్టి డాక్టర్ గారిని సూటిగా అడగండి: ‘ఈ ప్రయాణానికి నాకు రక్తం పలచబడే ఇంజెక్షన్ అవసరమా?’ ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా గడ్డకట్టిందా, మీరు హార్మోన్ మాత్రలేమైనా వాడుతున్నారా, అన్నీ చెప్పండి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్రం వేసుకోకండి. బాగున్న కాలికి బిగుతు మేజోడు తొడుక్కోండి, అదీ కొలత తీయించుకుని. బూటులో ఉన్న కాలి వేళ్లు ఆడిస్తూ ఉండండి. గంటకోసారి లేచి నిలబడండి, సీటు పట్టుకుని నిలబడినా చాలు. దిగాక పిక్క ఒకటే ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా సమావేశం తర్వాత చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. స్విట్జర్లాండ్‌లో అంబులెన్సు నంబరు 144.

మీది కుడి పాదం కదా. నడవ మీ ఎడమ చేతి వైపు ఉండే సీటు అడగండి. లేకపోతే భోజనం బండి మీ బూటుకే తగులుతుంది. అత్యవసర ద్వారం పక్కన కాళ్లు చాపుకునే చోటు ఉంటుందని ఆశపడకండి, కాలికి దెబ్బ ఉన్నవారిని అక్కడ కూర్చోనివ్వరు.

చక్రాల కుర్చీ విమాన సంస్థను అడగాలి, కనీసం 48 గంటల ముందు. అడిగేటప్పుడు ‘వీల్‌చైర్’ అని ఊరుకోకండి. వాళ్లకు మూడు గుర్తులు ఉంటాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా మోసుకెళ్లాలి. మీకు కావాల్సింది రెండోది. మొదటిది రాశారంటే, విమానం దూరంగా ఆగినప్పుడు మెట్ల ముందు నిలబెట్టి ఎక్కమంటారు. రెండోదైతే పైకి లేపే బండి తెస్తారు. మధ్యలో విమానం మారేచోట కూడా అదే గుర్తు పడిందో లేదో చూసుకోండి. చంకకర్ర లోపలికి తీసుకెళ్లనిస్తారు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు తీసుకుని పక్కన పెడతారు, అంతే.

జవాబు – ఓచరు_పుస్తకం

అమ్మా, లెక్కల వైపు నుంచి నేను చెబుతాను. స్వచ్ఛంద సంస్థల లెక్కలే నా జీవనం, మీ లెక్కల ఆయన భయం నాకు తెలుసు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించినప్పటి నుంచి, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ ఆ గడిలో వేసేయడం మాకు అలవాటైపోయింది. అధికారులు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మేమే కాబట్టి. కానీ నిబంధన చదివితే మీ టాక్సీ అక్కడ పడనక్కర్లేదు.

2011 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ నియమాల్లో అయిదో నియమం చూడమనండి. ప్రయాణ ఖర్చును పరిపాలన ఖర్చుగా చెప్పింది కార్యవర్గ సభ్యుల విషయంలో, సంస్థ నిర్వహణకు పెట్టుకున్న సిబ్బంది విషయంలో. సంస్థ లక్ష్యం కోసం నేరుగా చేసే ఖర్చును అదే నియమం మినహాయించింది, ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం లాంటివి. మీరు కార్యవర్గంలో లేరు, క్షేత్ర సిబ్బంది. తాగునీటి గురించి మాట్లాడడానికి వెళ్తున్నారు. ఆహ్వాన పత్రం, సమావేశం కార్యక్రమ పత్రం, డాక్టరు ఉత్తరం ఓచరుకు జత చేసి, పైన ఒక వాక్యంలో ప్రయాణం ఎందుకో రాయించండి. ఆ అమ్మాయిల పెట్రోలుకు కూడా ఇలాగే వాదించవచ్చు. నీళ్లు పరీక్షించడమే మీ కార్యక్రమం అయినప్పుడు, పరీక్షించడానికి వెళ్లే దారి పరిపాలన ఎలా అవుతుంది? ప్రయాణాలు నమోదు చేసే లాగ్‌బుక్‌లో ఊరి పేరు, నమూనా సంఖ్య, కిలోమీటర్లు రాయించండి. ఆడిటరుకు అదే సాక్ష్యం. ముందు ఆడిటరుతో ఒకసారి మాట్లాడి రాతపూర్వకంగా తీసుకుంటే మీ లెక్కల ఆయన కూడా ధైర్యంగా సంతకం పెడతారు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు విషయంలో ఇంకో అపోహ ఉంది. అయిదు శాతమే పరిపాలనకు అని కంపెనీ అధికారులు మన బడ్జెట్లు కోస్తారు. 2021 సవరణ తర్వాత నియమాల్లో ఉన్న ఆ అయిదు శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు. ప్రాజెక్టును అమలు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చుకు కాదు. ప్లాంటు నడిపే కుర్రవాడి జీతం అమలు ఖర్చు కాక మరేమిటి? తర్వాతి ఒప్పందం రాసేటప్పుడు ఈ మాట మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

మూడు కొటేషన్ల గురించి: అవి వస్తువులు కొనడానికి పెట్టిన నిబంధన, ఎవరో మక్కికి మక్కి అంటించారు. ‘నగరంలో టాక్సీ ఛార్జీ మీటరు ప్రకారం ఉంటుంది, రసీదు సమర్పిస్తాను, గరిష్ఠంగా ఇంత’ అని ఒక పరిమితి రాసి అనుమతి అడగండి. పరిమితి కనిపిస్తే వాళ్లు సంతకం పెడతారు.

ఇంకొకటి, మీరు వెళ్లేది మే నెలలో. దాతల వివరాల ఫారం ఆదాయపు పన్ను శాఖకు మే 31లోగా వెయ్యాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఆ పట్టిక మీ చేతిలో ఉంటే బయల్దేరే ముందే ఇచ్చేయండి. అక్కడ మంచం మీద కాలు చాపుకుని పాన్ నంబర్లు సరిచూసే పని పెట్టుకోవద్దు.

సిబ్బందికి బృంద ప్రమాద బీమా తీసుకోండి. ప్రీమియం పెద్దదేం కాదు. కార్యక్రమ సిబ్బంది ఖర్చుల కిందే బడ్జెట్‌లో ఒక వరుస పెట్టించండి. మీ కాలు విరిగిన సంగతే దానికి ఆధారంగా చూపించవచ్చు.

జవాబు – రోన్_ఒడ్డున

నమస్కారమండి. మాది తెనాలి, ఉద్యోగం వల్ల జెనీవాలో ఉంటున్నాం. ఊరు చిన్నది, మీకు అనుకూలమైనదే, కొన్నిచోట్ల తప్ప.

విమానాశ్రయంలోనే రైల్వే స్టేషన్ ఉంది, ఏడు నిమిషాల్లో కార్నవాన్ స్టేషన్‌కు చేరతారు. కానీ మొదటి రోజు రైలు ఎక్కకండి. నిద్రలేని రాత్రి తర్వాత పెట్టె, చంకకర్ర, బూటు మూడూ ఒక్కరు మోయలేరు. ఆ ఒక్క టాక్సీ కోసం పోరాడండి, మిగతా రోజులు ట్రాముతో నడిచిపోతుంది. హోటల్లో దిగేవారికి బస చేసినన్ని రోజులు బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే కార్డు ఇస్తారు, అడిగి తీసుకోండి. ఎవరి ఇంట్లోనో దిగితే అది రాదు. గది కార్నవాన్ దగ్గర తీసుకోండి, లిఫ్టు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. పాత భవనాల్లో వీధి నుంచి లిఫ్టు దాకా నాలుగైదు మెట్లు ఉంటాయి. ‘లిఫ్టు ఉంది’ అన్నవారు ఆ మెట్ల మాట చెప్పరు.

సమావేశం ఐక్యరాజ్యసమితి భవనం, అంటే పాలే దే నాసియోన్‌లో అయితే 15వ నంబరు ట్రాము ఎక్కి నాసియోన్ స్టాపులో దిగడం అందరూ చెప్పే దారి. దిగగానే ఒక కాలు విరిగిన పెద్ద చెక్క కుర్చీ కనిపిస్తుంది. 12 మీటర్ల ఎత్తు. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవారి తరఫున 1997లో నిలబెట్టారు. కానీ సందర్శకులను లోపలికి పంపేది ఆ పక్కన కాదు, పైన ప్రెన్యీ గేటు దగ్గర, రెడ్‌క్రాస్ ప్రధాన కార్యాలయం ఎదురుగా. కుర్చీ నుంచి అక్కడికి ఎక్కుడు దారి. మీ కాలికి అది వద్దు. ఆపియా స్టాపు దాకా బస్సులో వెళ్లి దిగండి, గేటు పక్కనే. లోపల కూడా తక్కువ దూరం ఏమీ కాదు, 1930ల నాటి పొడవాటి భవనం. మీకు నడవడం కష్టమని నిర్వాహకులకు ముందే రాసి, గేటు నుంచి గది దాకా చక్రాల కుర్చీ ఏర్పాటు చేయమనండి. గుర్తింపు కార్డు కోసం క్యూ ఉంటుంది, కూర్చోవడానికి చోటు అడగడానికి మొహమాటపడకండి.

పాత నగరం, సెయింట్ పియర్ చర్చి వైపు ఈసారికి వెళ్లకండి. అంతా రాళ్లు పరిచిన ఎక్కుడు వీధులు. నొప్పి మాత్రలు చీటీతో సహా ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకోండి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, స్టేషన్‌లోవి మాత్రం తెరిచి ఉంటాయి. నీళ్లు కొనకండి. కొళాయి నీళ్లే తాగవచ్చు. మీ పని తెలిశాక ఈ మాట రాయడానికి నాకే మనసు ఒప్పలేదు, కానీ అది నిజం.

బీమా పత్రం ఒకసారి చదవండి. షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా తప్పనిసరి కాబట్టి కొని ఉంటారు. అంతకుముందే ఉన్న గాయానికి సాధారణంగా అందులో వర్తించదు. ఇక్కడి ఆసుపత్రి ఖర్చు భరించలేనిది. బీమా కంపెనీకి ఇప్పుడే రాసి ఏది వర్తిస్తుందో తెలుసుకోండి.

జవాబు – సాగర్_కట్ట

ఇంత బాధ పడి వెళ్లడం దేనికండి? వీడియోలో మాట్లాడవచ్చు కదా. టికెట్ డబ్బుతో ఒక ప్లాంటుకు మెంబ్రేన్ వస్తుంది. తప్పుగా అనుకోవద్దు, నిజంగానే అడుగుతున్నాను.

నీళ్లపని

అందరికీ ధన్యవాదాలు. ముందు సాగర్_కట్ట గారికి. టికెట్ డబ్బు మెంబ్రేన్‌కు మార్చుకునే వీలు ఉంటే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. ఆ డబ్బు ఈ ప్రయాణం కోసమే మంజూరైంది, వెళ్లకపోతే వెనక్కి పోతుంది. వీడియోలో ఇంతకుముందు మాట్లాడాను. మన వంతు వచ్చేసరికి సమయం అయిపోయిందని రెండు నిమిషాలు ఇస్తారు, మైకు ఆపేస్తారు, అసలు మాటలు తర్వాత టీ దగ్గర జరుగుతాయి. ప్లాంటు కట్టడానికి డబ్బిచ్చి నడపడానికి ఇవ్వని పద్ధతి ఎక్కడ నిర్ణయమవుతుందో అక్కడివాళ్లు ఆ టీ దగ్గర ఉంటారు. అయిదేళ్ల నిర్వహణ ఖర్చు లేకుండా ఒక్క ప్లాంటుకూ నిధులు ఇవ్వవద్దని వాళ్లకు ఎదురుగా చెప్పాలి. అందుకే వెళ్తున్నాను.

ఓచరు_పుస్తకం గారూ, మీరు చెప్పిన అయిదో నియమం ముద్రించి మా లెక్కల ఆయన ముందు పెట్టాను. చదివి, ఆడిటరుకు ఫోను చేశారు. అమ్మాయిల పెట్రోలు ఈ నెల నుంచి నీటి పరీక్షల పద్దులోకి మారుస్తామన్నారు, లాగ్‌బుక్కులు కొన్నాం. నా టాక్సీ కంటే ఇదే నాకు పెద్ద సంగతి. టాక్సీకి పరిమితి పెట్టి మళ్లీ ఉత్తరం రాశాను. అక్కడికి చేరిన రోజు ఒకటి, తిరిగి బయల్దేరే రోజు ఒకటి ఒప్పుకున్నారు, రసీదు అసలు ప్రతి కావాలట. బీమా గురించి కార్యవర్గం సమావేశంలో పెడుతున్నాను. వెళ్లే ముందు అది తేలాలి, తేలకపోతే నమూనాలకు ట్యాంకులు ఎక్కవద్దని అమ్మాయిలకు చెప్పేశాను. కింద కొళాయి దగ్గర పట్టుకుంటే చాలు.

రోన్_ఒడ్డున గారూ, గది కార్నవాన్ దగ్గరికి మార్పించాను. వీధి నుంచి లిఫ్టు దాకా మూడు మెట్లు ఉన్నాయని జవాబు వచ్చింది, మీరు చెప్పకపోతే అడిగేదాన్ని కాదు. మూడు మెట్లు ఎక్కగలను.

విమాన సంస్థకు ఫోను చేస్తే మొదటి విమానానికి డబ్ల్యూసీహెచ్ఎస్ అని, రెండో దానికి డబ్ల్యూసీహెచ్ఆర్ అని పడింది. మళ్లీ చేసి మార్పించాను. ఫిజియో గారూ, ఇంకొక్క సందేహం. భద్రతా తనిఖీలో బూటు తీయమంటారా? తీస్తే పాదం నేల మీద పెట్టవచ్చా?

ఫిజియో_విజయవాడ

తీయమనే అవకాశం ఉంది అక్కా, లోపల లోహపు పట్టీలు ఉంటాయి కాబట్టి. డాక్టర్ గారి దగ్గర ఇంగ్లిషులో ఒక ఉత్తరం తీసుకోండి: ఏ ఎముక, ఎప్పుడు విరిగింది, బూటు ఎంతకాలం వాడాలి, విమానంలో ప్రయాణించవచ్చు అని. సంతకం, ముద్ర ఉండాలి. కాగితం చేతిసంచిలో పెట్టుకోండి, పెట్టెలో కాదు. కొన్ని సంస్థలు తమ సొంత వైద్య పత్రం నింపమంటాయి, ఈసారి ఫోను చేసినప్పుడు అదీ అడగండి.

బూటు తీయాల్సి వస్తే చక్రాల కుర్చీలో కూర్చునే తీయండి, నిలబడి కాదు. మడమ మీద బరువు వేయవచ్చని మీ డాక్టర్ గారు అని ఉంటే మడమ ఆనించండి, లేకపోతే పాదం అసలు కింద పెట్టకండి. కూర్చున్నచోటే పరికరంతో చూస్తారు, లేచి చట్రం దాటమంటే నిలబడలేనని చెప్పండి. మెత్తటి పాత మేజోడు ఒకటి ఎక్కువ పెట్టుకోండి, నేల చల్లగా ఉంటుంది. బూటు తిరిగి తొడిగేటప్పుడు వేళ్ల దగ్గరి పట్టీ ముందు బిగించి, తర్వాత పైకి రండి.